అబ్బాయికని చెప్పి కొన్న లాప్‌టాప్

ఆసుపత్రిలో అందరూ ఆమెను దుప్పట్లక్క అనేవాళ్లు. పెద్ద డాక్టర్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. కింది అంతస్తులో మెట్ల వెనక, ఎప్పుడూ ఆవిరితో గోడలు చెమ్మగిల్లి ఉండే లాండ్రీకి ఆమే పెద్ద. వార్డుల నుంచి మూటలుగా దిగే దుప్పట్లు, గలేబులు, ఆపరేషన్ గదుల పచ్చ గుడ్డలు అన్నీ ఆమె కళ్లముందు నుంచే పోవాలి. ఏ మరక చన్నీళ్లకు లొంగుతుందో, ఏది మరగబెడితే తప్ప వదలదో చూపుతోనే చెప్పేది. మాట తక్కువ. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకును చదివించి, ఉద్యోగంలో పెట్టి, పెళ్లి చేసింది. "దుప్పట్లక్కకి కోరికలంటూ లేవమ్మా, ఎంతసేపూ ఆ పిల్లాడే" అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తల వంచుకుని దుప్పటి అంచులు సరిచేసేది. వినయమనుకునేవాళ్లు.

వినయం కాదు. ఆమెకు ఒక కోరిక ఉంది, అది చెప్పుకోదగ్గది కాదని ఆమె నమ్మకం.

భర్త సరుకులు చేరవేసే వ్యాను నడిపేవాడు. పెళ్లయిన కొత్తలో సెలవురోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఒకరోజు "నాకూ నేర్పండి" అంది. ఆయన పగలబడి నవ్వాడు. "కుడిచెయ్యేదో తెలియాలంటే మా ఆవిడ ముందు అన్నం కలిపి చూసుకోవాలి, ఈవిడా బండి నడిపేది!" అని ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. మళ్లీ అడగలేదు.

కొడుకు చదువుకునే రోజుల్లో కొన్న కంప్యూటర్ ఒకటి లోపలి గదిలో ఉండేది. వాడు ఉద్యోగంలో చేరాక దాని మీద దుమ్ము పేరుకుంటుంటే, ఒక మధ్యాహ్నం తుడుస్తూ మీట నొక్కింది. తెర మీద ఏవో బొమ్మలు. ఒకటి లారీ బొమ్మ. చూద్దామని నొక్కింది. కళ్లముందు స్టీరింగు, అద్దంలోంచి రోడ్డు, పక్కన కొండ. గేటు దాటీ దాటకముందే లారీ వెళ్లి లోయలో పడింది. ఎవరైనా చూశారేమోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇంట్లో ఎవరూ లేరు. మళ్లీ మొదలుపెట్టింది.

ఆ ఏడాది గడిచేసరికి పాలట్యాంకరును ఘాట్ రోడ్డు మలుపుల్లో చుక్క తొణక్కుండా దింపడం నేర్చుకుంది. పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చి, తలుపు గడియ వేసుకుని, కొడుకు వచ్చేలోపల ఎన్ని ఊళ్లు తిరిగేదో! ఆ ఊళ్ల పేర్లు కూడా పలకడం రాదు. లారీ ఆపుకుని, ఎడారిలో పొద్దు గుంకడం చూస్తూ ఊరికే కూర్చున్న రోజులూ ఉన్నాయి. చిన్నపిల్లలు ఆడుకునేదాన్ని ఈ వయసులో, అందులోనూ మొగుడు పోయిన మనిషి, ఇంత ఇష్టంగా ఆడటమేమిటని ఆమెకు ఆమే సిగ్గుపడేది. మర్నాడు మళ్లీ కూర్చునేది.

కొడుకు పెళ్లయ్యాక ఆ గది కొత్త జంటదైంది. కోడలు పగలు పనికి వెళ్తుంది కాబట్టి కొన్నాళ్లు ఫర్వాలేకపోయింది. ఒకరోజు మీట నొక్కగానే కాలిన వాసన వచ్చింది. ఇక ఎంత నొక్కినా కంప్యూటర్ లేవలేదు.

"పోనీలేమ్మా, ఎవరు వాడుతున్నారు గనక" అని కొడుకు దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. మెట్లు దిగేటప్పుడు ఒక పక్క ఆమే పట్టుకుంది.

తర్వాత బస్సులో డ్రైవరు వెనక సీటులో కూర్చున్నప్పుడు, మలుపు దగ్గర ఆమె కాలు దానంతటది నేలను నొక్కేది. లేని బ్రేకును. పక్కావిడ చూసి "కాళ్లు పట్టేస్తున్నాయా అక్కా?" అనేది. "ఆఁ, నిలబడే ఉద్యోగం కదా" అనేది.

ఆదివారాలు అదనపు డ్యూటీలు చేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు, కొత్త కాపురానికి సాయమనుకున్నారు. ఆమె మనసులో ఉన్నది లాప్‌టాప్. ఇంట్లో తనకంటూ ఉన్నది హాల్లో మంచం ఒక్కటే, అక్కడ దాన్ని దాచుకునే చోటు లేదు, కూర్చుని ఆడటం జరిగే పని కాదు. లాండ్రీ పక్కన ఉతికిన బట్టలు పేర్చే గది ఒకటుంది. కిటికీ లేదు కానీ లోపలి గడియ ఉంది, గోడకు ప్లగ్గు ఉంది. డ్యూటీ అయ్యాక బస్సు వచ్చేదాకా కాసేపు. అంటే రోజూ చేతిసంచీలో, క్యారేజీ పక్కన పెట్టుకుని మోయగలిగేది కావాలి. కొండ రోడ్లూ చెట్లూ తడబడకుండా చూపించగలగాలి. తాను కూడబెట్టినదాంట్లో రావాలి.

మొదటి దుకాణంలో అడుగుపెట్టగానే సేల్స్ అతను "ఎవరికండీ?" అన్నాడు.

"మా అబ్బాయికి."

అనుకుని అన్నది కాదు. నోరు తెరవగానే ఆ మాటే బయటికొచ్చింది. అతను వెంటనే పలకలా పల్చగా ఉన్నదొకటి తీసి చేతిలో పెట్టాడు. నిజంగానే తేలిగ్గా ఉంది. కానీ ఆమె ఫోన్లో చదివి తెలుసుకుంది, ఆటలకైతే బొమ్మలు గీసే చిప్ విడిగా ఉండాలి. "ఇందులో గ్రాఫిక్స్ కార్డు వేరుగా ఉందా?" అని అడగడానికి నోరు రాలేదు. "మా వాడు... వేరే కార్డేదో ఉండాలన్నాడు" అంది. "అది లేదండీ. అయినా చదువుకునే పిల్లాడికి ఎందుకు, చెడిపోతాడు" అన్నాడతను. ఆ మాటకు ఆమె చెవులు వేడెక్కాయి. బయటికొచ్చేసింది.

రెండో దుకాణంలో అన్నీ ఉన్నదే చూపించారు. మీటల కింద ఎర్రగా, నీలంగా దీపాలు. రెండు చేతులతో ఎత్తి చూసింది. తడి దుప్పట్ల మూటలా ఉంది. దాని చార్జరు ఒక్కటే ఇటుకంత ఉంది. "మగపిల్లాడే కదండీ, మోస్తాడు" అన్నాడు దుకాణదారు. ఆమె తన భుజం తడుముకుంది.

మూడో దుకాణంలో ఒక అమ్మాయి ఉంది. కొత్తగా చేరినట్టుంది, వస్తువును ముందుకు తోసే బదులు ప్రశ్నలు అడిగింది.

"మీ అబ్బాయి ఏ ఆటలాడతాడు మేడం?"

"లారీలు తోలేది."

"తుపాకులవీ?"

"అయ్యో, అవి వద్దు."

"రోజూ బయటికి తీసుకెళ్తాడా?"

"బస్సులో... ఉద్యోగానికి."

"చూడండి మేడం," అంది ఆ అమ్మాయి, "తేలిగ్గా ఉండాలి, ఆట బాగా ఆడాలి, ధర తక్కువుండాలి. ఈ మూడూ ఒక్కదాంట్లో దొరకవు. ఏదో ఒకటి కొంత వదులుకోవాలి. దేన్ని వదులుకుంటాడో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి."

ఆమె ఫోన్ తీసి, చెవికి పెట్టుకుని, పక్కకు వెళ్లి నిలబడింది. అవతల ఎవరూ లేరు. "ఆఁ... ఆఁ... సరే నాన్నా" అని రెండు ముక్కలు అంది. తన అబద్ధానికి తనకే ఒళ్లు చచ్చిపోయింది. అయినా ఆ కాసేపట్లోనే ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. తెర చిన్నదైనా ఫర్వాలేదు, దగ్గరగా కూర్చుంటుంది. వెలుతురు తక్కువున్నా నష్టం లేదు, ఆ గదిలో ఎండ పడదు. ప్లగ్గు ఉంది కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు రాకపోయినా సరిపెట్టుకోవచ్చు. చిప్ మాత్రం వేరుగా ఉండాల్సిందే, కొత్తది కాకపోయినా సరే. బరువు మాత్రం భుజం మోయగలిగినంతే.

తిరిగొచ్చి అన్నీ అబ్బాయి మాటలుగా అప్పజెప్పింది. ఆ అమ్మాయి అద్దాల బల్లలోంచి ఒకటి తీసింది. కిందటేడాది మోడలు. ఇన్నాళ్లూ చూపించడానికి బయట పెట్టినది, మూత మీద గీత పడింది, అందుకే ధర తగ్గించారట. మెమరీ కావాల్సినదాంట్లో సగమే ఉంది కానీ తర్వాత ఇంకోటి బిగించుకోవడానికి ఖాళీ ఉంది. ఆమె దాన్ని తిరగేసి అడుగున చిల్లులు చూసింది. గాలి ఆడకపోతే బట్టలారబెట్టే యంత్రం ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"అదే మేడం, ఒళ్లో పెట్టుకోవద్దనండి, దుప్పటి మీద అసలు వద్దనండి" అంటూ ఆ అమ్మాయి లారీ ఆటలాంటిదొకటి తెరిచి చూపించింది. ఆ అమ్మాయికి నడపడం సరిగా రాదు. దిగుడులో బండి జోరందుకుంది.

"గేరు తగ్గించమ్మా! బ్రేకొక్కటే తొక్కితే ఆగుతుందా!"

అమ్మాయి తలెత్తి చూసింది. ఆమె చూపు పక్కకు తిప్పుకుంది. "మా వాడు... అంటుంటాడు."

సరిగ్గా అప్పుడే వెనక నుంచి "అక్కా, మీరేంటి ఇక్కడ?" అని వినబడింది. ఆసుపత్రి ల్యాబులో రక్తాలు తీసే అతను. వాళ్ల వీధిలోనే ఉంటాడు. ఫోనుకు కవరు కొనడానికి వచ్చాడట.

"ఎవరికక్కా లాప్‌టాపు?"

ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది. దుకాణం అమ్మాయే చెప్పింది, "వాళ్లబ్బాయికండీ, గేమింగ్ లాప్‌టాప్."

"అబ్బో! వాడికి తెలీదు కదూ? ఇచ్చేదాకా చెప్పరన్నమాట! నా నోట్లోంచి రాదులెండక్కా" అన్నాడతను. అతనికి చెప్పడమూ, మైకులో చెప్పడమూ ఒకటేనని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. పైగా అతనిది మోటారుసైకిలు, ఆమెది బస్సు.

ఇంటికొచ్చేసరికి కొడుకు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. సంచీ అందుకున్నాడు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

"నేను నోరు తెరిచి అడగలేదు కదమ్మా. నీకెలా తెలిసింది?"

వాడు ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసులో పని చేస్తాడు. సొంతంగా బయటి పని కూడా తెచ్చుకుని ఇంటి దగ్గర గీసుకుందామని కొంతకాలంగా అనుకుంటున్నాడట. దానికి మంచి గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్ కావాలి. అమ్మను అడుగుదామంటే "ఆవిడ ఇప్పటికే ఆదివారాలు కూడా పని చేస్తున్నారు, అడక్కండి" అని భార్య ఆపిందట. ఇవన్నీ మెట్ల మీదే గబగబా చెప్పాడు. లోపలికెళ్లి పెట్టె విప్పి "సరిగ్గా ఇలాంటిదే! విడిగా కార్డున్నదే తెచ్చింది చూడు!" అని భార్యకు చూపించాడు.

కోడలు మంచినీళ్ల గ్లాసు ఆమె చేతిలో పెట్టి "మా అమ్మ కూడా ఇంత దూరం ఆలోచించదత్తయ్యా" అంది.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. 'కాదురా' అనబోయింది. అవతల వాడు చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. "వాడుకో నాన్నా" అంది.

మర్నాటి నుంచి ఆసుపత్రిలో ఎవరు ఎదురుపడ్డా అదే మాట. "తల్లంటే మీరక్కా." నర్సులు ఆగి మరీ చెప్పారు. లాండ్రీలో ఆడవాళ్లు తమ పిల్లలకు ఆమె కథ చెప్పామన్నారు. "అలాంటిదేం లేదమ్మా" అనేది ఆమె, నిజం చెబుతున్నానన్న ఆశతో. "చూశారా, చెప్పుకోదు కూడా!" అనేవాళ్లు. ప్రతి పొగడ్తా చెంప మీద కొట్టినట్టుండేది. మధ్యాహ్నం ఆ బట్టల గదిలోకి వెళ్లి, పేర్చిన దుప్పట్లనే విప్పి మళ్లీ పేర్చేది.

అంతకంటే సిగ్గుచేటైన సంగతి ఇంకొకటుంది. కొడుకు మీద కోపం వచ్చేది. వాడు దాని మీద వంగి గీతలు గీసుకుంటుంటే, ఆ ఫ్యాను హోరుమన్నప్పుడల్లా, తన లారీ కొండెక్కుతున్నట్టు గుండె పీకేది. ఒకరోజు వాడు దాన్ని పరుపు మీద పెట్టి ఫోన్ మాట్లాడుతుంటే "దుప్పటి మీద పెట్టకు, గాలాడదు!" అని కసిరింది. వాడు బిత్తరపోయాడు. కన్నకొడుక్కి ఇచ్చినదాని మీద కడుపుమంటేమిటి, నేనేం తల్లినని ఆ పూట అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం వాడు లాప్‌టాప్ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ల గదిలోకి వెళ్లి మూత తెరిచింది. సంకేతపదం అడిగింది. వాడి పుట్టినరోజు కొట్టింది. కాదు. వాడి ముద్దుపేరు కొట్టింది. కాదు. కోడలి పేరు కొడుతుండగా వెనక అలికిడయింది. తలనొప్పిగా ఉందని కోడలు పెందరాళే వచ్చేసింది.

"ఏం కావాలత్తయ్యా?"

"ఏం లేదమ్మా, దుమ్ము తుడుస్తున్నా."

ఆమె చేతిలో గుడ్డ లేదు. కోడలు ఆ చేతుల వంక చూసింది, తెర వంక చూసింది, చెప్పులు విప్పుకోవడానికి వెళ్లిపోయింది.

సాయంత్రం వాళ్ల గదిలో గుసగుసలు వినిపించాయి. తర్వాత కొడుకు వచ్చి ఆమె మంచం అంచున కూర్చున్నాడు. కాసేపు గోళ్లు చూసుకున్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకు. మా గురించి ఏమైనా తెలుసుకోవాలనుంటే నన్నే అడుగు. అందులో మా ఫొటోలూ, మా మాటలూ ఉంటాయి. తను బాధపడుతోంది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కోడలి గుట్టు వెతికే అత్త! ఆ మాట పడేకంటే అసలు సంగతే నయమా? ఏది ఎక్కువ సిగ్గో తేల్చుకోలేకపోయింది. గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అది నాదిరా" అంది చివరికి.

"ఏదీ?"

"ఆ లాప్‌టాపు. నీకోసం కొనలేదు. నాకోసం కొనుక్కున్నా. ఆడుకోవడానికి."

వాడు నవ్వాడు. అమ్మ ఏదో మాట దాటేయడానికి హాస్యమాడుతోందనుకున్నాడు. కోడలు నవ్వలేదు. "ఏం ఆటత్తయ్యా?" అంది.

"లారీ ఆట." దొంగతనం ఒప్పుకున్నంత మెల్లగా చెప్పింది. ఆ పైన ఆగలేదు. పాత కంప్యూటరు, గడియ వేసుకున్న మధ్యాహ్నాలు, దుకాణంలో ఎవరూ లేని ఫోన్లో మాట్లాడటం, అన్నీ నేల చూపులతోనే చెప్పేసింది.

కొడుకు ముఖంలో నవ్వు ఎప్పుడో పోయింది. "మరి నేను తీసుకున్నప్పుడు చెప్పొచ్చు కదమ్మా!"

"నువ్వు అడిగుంటే చెప్పేదాన్ని నాన్నా. నువ్వు ఏడ్చావు."

వాడు లేచి నిలబడ్డాడు. "ఆఫీసులో అందరికీ చెప్పాను. మా అమ్మ నా అవసరం కనిపెట్టి కొనిచ్చిందని. అందరికీ!" చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు.

పొద్దున ఆమె లేచేసరికి లాప్‌టాప్ మంచం పక్కన కుర్చీలో ఉంది. తన పనంతా అందులోంచి తీసేశాడు. వాడు అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయాడు, అక్కడి కంప్యూటర్లు ఖాళీగా ఉండే వేళకు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. కుర్చీ కావాల్సి వచ్చినా అందరూ దాన్ని కదపకుండా నిలబడేవాళ్లు. తల్లీకొడుకులు "అన్నం పెట్టనా", "చాలు" తప్ప మాట్లాడుకోలేదు. వాడికి కోపం కంటే సిగ్గే ఎక్కువని ఆమెకు అర్థమవుతూనే ఉంది. తన పోలికే, వంచిన తల ఎత్తడు.

ఆదివారం మధ్యాహ్నం వాడు బయటికెళ్లాక కోడలు ఆ కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"అత్తయ్యా, మీ మీద అనుమానపడ్డాను. ఆ మాట నోటితో చెప్పడానికి నాలుగు రోజుల్నించీ చూస్తున్నా, మీరు తలెత్తితేనా!"

"నీ తప్పేముందమ్మా. గుడ్డ లేకుండా దుమ్ము తుడిచిందాన్ని."

కోడలికి నవ్వొచ్చేసింది. ఆపుకోబోయింది, కుదరలేదు. ఆమె కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ కూర్చుని, అందులో ఆమె పేరుతో వేరే ఖాతా తెరిచారు. సంకేతపదం కొట్టేటప్పుడు కోడలు ముఖం పక్కకు తిప్పుకుంది. ఆట డౌన్‌లోడ్ అయ్యేదాకా కూరగాయలు తరిగారు.

"ఏదీ, నడపండి చూద్దాం."

"నువ్వుండగా నా వల్ల కాదమ్మా."

"నేను కళ్లు మూసుకుంటాలెండి."

మూసుకోలేదు. మొదట ఆమె వేళ్లు బిగుసుకుపోయాయి, గేటు దగ్గరే గోడకు రాసేసింది. చెవులు ఎర్రబడ్డాయి. మెల్లమెల్లగా రోడ్డు చేతికొచ్చింది. దుంగల బండి కొండ మీదికి తిరిగేసరికి పక్కనున్న కోడలు ఆమె మోకాలు పట్టుకుంది.

"అత్తయ్యా, ఆపండి, ఆపండి. ఆ మలుపులకి కళ్లు తిరుగుతున్నాయి."

ఆమె లారీని పక్కకు తీసి ఆపింది. కోడలు వెళ్లి ముఖం కడుక్కొచ్చి, గోడకు ఆనుకుని, "ఇక పోనివ్వండి" అంది.

సిగ్గు పోయిందని చెప్పలేం. ఆసుపత్రి వాళ్లెవరికీ ఆమె ఈ సంగతి చెప్పలేదు. బట్టల గదికి దాన్ని తీసుకెళ్లే ధైర్యమూ చాలలేదు. ఇంట్లోనే, గడియ వేయకుండా ఆడుతుంది. అంతవరకే ముందుకొచ్చింది. కొడుకు కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. తర్వాత ఒకరోజు పక్కన నిలబడి "అమ్మా, రేపు పొద్దున ఒక ప్లాను గీసుకోవాలి. వాడుకోనా?" అని అడిగాడు. వాడు అలా అనుమతి అడగడం చూసి ఆమెకు మళ్లీ ప్రాణం చచ్చిపోయింది. "అడగాలా నాన్నా" అంది. "అడగాలమ్మా" అన్నాడు.

ఆ మధ్య ఒక సాయంత్రం మెట్ల మీద వాడి అడుగులు వినబడగానే ఆమె చెయ్యి మూత మీదికి పోయింది. సగం మూసి ఆగింది. తెరవనూ లేదు, మూయనూ లేదు. వాడు లోపలికొచ్చి, ఆ సగం మూసిన మూతనూ తల్లి ముఖాన్నీ చూసి, చూడనట్టే కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు మధ్యలోంచి వాడి గొంతు వినబడింది.

"వాన శబ్దమేంటమ్మా, అందులోనా?"

"అందులోనే."

"రోడ్డు జారుతుంది. నెమ్మదిగా వెళ్లు."

ఆమె మూత పైకెత్తింది.